కన్వర్జ్ అయింది సరే, రెసిడ్యువల్స్ చూశావా?

తల్లీ,

ఆశీస్సులు. కక్ష్యలు లెక్కగట్టే నాసా సాఫ్ట్‌వేర్ జీమ్యాట్‌లో ఉపగ్రహం ట్రాకింగ్ డేటా వేస్తే, కొలతలకి బాగా సరిపడే కక్ష్యని వెతికే లీస్ట్ స్క్వేర్స్ లెక్క చక్కగా కన్వర్జ్ అయిందనీ, మర్నాడు మాత్రం ఉపగ్రహం లెక్క చెప్పిన చోట లేదనీ రాశావు. టెన్షన్ పడకు. కన్వర్జ్ అయిందంటే లెక్క ఒకచోట నిలబడిందని అర్థం, అంతే. అది సరైన చోటో కాదో సాఫ్ట్‌వేర్‌కి తెలీదు.

ముందు టైమ్ చూసుకో. దిగువ కక్ష్యలో ఉపగ్రహం సెకనుకు దాదాపు 7.5 కిలోమీటర్లు పోతుంది. 2017 నుంచి జీపీఎస్ టైమ్, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. ఒకదాన్ని ఇంకొకటనుకుని ఫైల్లో పెడితే దారి వెంట 135 కిలోమీటర్ల తేడా! పైగా అన్ని స్టేషన్ల డేటాలోనూ అదే తప్పుంటే సాఫ్ట్‌వేర్ దాన్ని కక్ష్యలోనే కలిపేసుకుంటుంది, గ్రాఫ్ శుభ్రంగా కనబడుతుంది. అందుకే ఇది రన్ చేయకముందే చూసుకోవాలి.

మిగతావి చాలావరకు రెసిడ్యువల్సే చెబుతాయి. కొలిచిన దూరానికీ లెక్కకొచ్చిన దూరానికీ మధ్య మిగిలిన తేడాని స్టేషన్ల వారీగా, పాస్‌ల వారీగా (ఉపగ్రహం ఒక్కోసారి స్టేషన్ మీదుగా దాటడమే పాస్) గీయి. చుక్కలు సున్నాకి అటూ ఇటూ ఏ ఆకారమూ లేకుండా చెదిరి ఉంటే మంచిదే. ఒక స్టేషన్‌వి మాత్రమే ఎప్పుడూ ఒకే పక్కన ఉంటే దాని బయాస్‌నీ (కొలతలో ఎప్పుడూ ఉండే ఒకే తేడా), కోఆర్డినేట్లనీ అనుమానించు. ఉపగ్రహం దగ్గరవుతున్నంతసేపూ ఒకవైపు, దాటిపోయాక రెండోవైపు ఉంటే ఆ స్టేషన్ గడియారం తేడాగా ఉన్నట్టు. పాస్ రెండు కొసల్లోనే పైకి లేస్తే వాతావరణం పని: వాతావరణపు కింది పొర ట్రోపోస్ఫియర్ వల్ల సిగ్నల్‌కయ్యే ఆలస్యం, దూరంలో చెబితే, ఉపగ్రహం నడినెత్తిన ఉంటే 2.4 మీటర్లు, దిగంతానికి 5 డిగ్రీల ఎత్తులో ఉంటే 25 మీటర్ల దాకా పెరుగుతుంది. ఇవేవీ చూడకుండా నచ్చని చుక్కల్ని తీసేయకు. నీకు కావలసిన సమాచారం తరచుగా వాటిలోనే ఉంటుంది.

మొదటి అంచనాకి టీఎల్ఈ (కక్ష్య వివరాల్ని రెండు లైన్లలో ఇచ్చే పట్టిక) వాడుతున్నావుగా, దాన్ని దానికోసమే ఉన్న ఎస్‌జీపీ4 లెక్క పద్ధతితోనే నడిపించు. మామూలు కెప్లర్ ఎలిమెంట్స్‌లా (కక్ష్య ఆకారం, దిశ చెప్పే అంకెల్లా) తీసుకుంటే పనికిరాదు.

ఎప్పుడైనా ఒక్కటే స్టేషన్ డేటా దొరికినా దిగులు వద్దు. 1957లో అమెరికా శాస్త్రవేత్తలు గయర్, వైఫెన్‌బాక్ ఒకేచోట అందుకున్న సిగ్నల్ డాప్లర్‌తోనే (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పుతోనే) స్పుత్నిక్ కక్ష్య కట్టారు. కాకపోతే ఒక్క పాస్‌తో సరిపెట్టుకోకు, రెండు మూడు రోజుల డేటా కలుపు.

ఈసారి చివరి పాస్‌ని ఫిట్‌లో కలపకుండా పక్కన పెట్టు. మిగతా డేటాతో కక్ష్య తేల్చి, ఆ పాస్ ఎప్పుడు, ఎంత దూరంలో వస్తుందో లెక్కగట్టి పోల్చు. తేడా రోజురోజుకీ పెరుగుతుంటే ముందు డ్రాగ్ మోడల్ (గాలి ఉపగ్రహాన్ని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే లెక్క) చూడు. ఆ గ్రాఫులు స్టేషన్ల వారీగా విడదీసి నాకు పంపు, కలిసి చూద్దాం.

ప్రేమతో,
పెదనాన్న