ముందు పనిచేసే వైపు చూడు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

పాత స్టీరియో ఆంప్లిఫైయర్‌లో ఎడమవైపు పలకడం లేదనీ, మూత విప్పి చూస్తాననీ రాశావు. చాలా సంతోషమైంది. కానీ ఆ మూత ఇంకొన్నాళ్లు అలాగే ఉండనీ. స్క్రూడ్రైవర్ పట్టకుండానే తేల్చుకోవలసినవి ఉన్నాయి.

స్విచ్ ఆపి, స్పీకర్ల వైర్లు అటుదిటు ఇటుదటు మార్చి పెట్టు. మూగతనం కుడి స్పీకరుకు మారితే స్పీకర్లు మంచివే, తప్పు వెనకాల ఎక్కడో ఉంది. ఎడమ స్పీకరే మళ్లీ పలకకపోతే అది స్పీకరుదో దాని వైరుదో. తర్వాత వైర్లు యథాస్థానంలో పెట్టి, ఇన్‌పుట్ కేబుళ్లను ఆంప్లిఫైయర్ దగ్గర తారుమారు చెయ్యి. అప్పుడు కుడివైపు మూగబోతే కేబులునో ప్లేయరునో అనుమానించాలి, ఎడమవైపే మూగగా ఉంటే ఆంప్లిఫైయర్నే. నాబులు, స్విచ్చులు అన్నీ పదేసిసార్లు తిప్పి చూడు. ఏళ్ల తరబడి కదలని కాంటాక్టులు నల్లబడి సౌండు ఆపేస్తాయి. అలాంటిదైతే కాంటాక్ట్ క్లీనర్‌తోనే పని అయిపోతుంది.

తప్పు ఆంప్లిఫైయర్‌దేనని తేలినా సరే, ముందు నీ చేత్తో ఒక చిన్నది కట్టు. ఎల్ఎం386 అని ఎనిమిది కాళ్ల ఐసీ (చిన్న చిప్పు) ఉంది. 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది, 8 ఓమ్‌ల స్పీకరును అర వాటు దాకా మోగిస్తుంది. షాకు భయం లేదు. ఒకటో కాలూ ఎనిమిదో కాలూ ఖాళీగా వదిలేస్తే సిగ్నల్‌ను 20 రెట్లు పెంచుతుంది, ఆ రెండింటి మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు. ఔట్‌పుట్ నుంచి గ్రౌండుకు (బ్యాటరీ మైనస్ వైపుకు) 10 ఓమ్ రెసిస్టర్, 0.05 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో, అంటే ఒకదాని వెంట ఒకటిగా, పెట్టమని దాని సర్క్యూట్ డయాగ్రామ్‌లో ఉంటుంది. అనవసరమనిపించి వదిలెయ్యకు. అది లేకపోతే ఐసీలో సిగ్నల్ తనంతట తానే ఊగిసలాడి, ఐసీ వేడెక్కవచ్చు.

సోల్డరింగ్ దాని మీదే నేర్చుకో. 63/37 (తగరం, సీసం పాళ్లు) సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సోల్డర్‌ను ఐరన్ మొనకు కాదు, వేడెక్కిన కాలుకూ, బోర్డు మీది రాగి ప్యాడ్‌కూ అందించు. అది దానంతటదే పారి చుట్టూ పట్టుకోవాలి. ముద్దలా నిలబడితే డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని జాయింటు కిందే లెక్క. ఈ సోల్డర్‌లో సీసం ఉంటుంది, పని కాగానే చేతులు కడుక్కో.

నేను దీన్నే ముందు కట్టమనడానికి ఇంకో కారణం ఉంది. రేపు పెద్ద ఆంప్లిఫైయర్‌లో సౌండు ఎక్కడ ఆగిందో పట్టి ఇచ్చేది ఇదే. దీని గ్రౌండును ఆ సెట్టు గ్రౌండుకు కలిపి, ఇన్‌పుట్‌కు 0.1 మైక్రోఫారడ్, 250 వోల్టుల కెపాసిటర్ సిరీస్‌లో పెట్టి, దాని కొసను సిగ్నల్ దారి వెంట ఆనిస్తూ పో. ఎక్కడిదాకా పాట వినిపించి ఎక్కడ ఆగిందో, రోగం ఆ రెండు చోట్ల మధ్యే. వాల్యూమ్ తక్కువగా ఉంచు. ఇది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ట్రాన్సిస్టర్ సెట్లకే. వాల్వు (గాజు గొట్టాల) సెట్ల జోలికి ఇప్పుడే పోవద్దు, వాటిలో వందల వోల్టులు ఉంటాయి.

ఇక మూత విప్పే రోజు. ప్లగ్ పీకెయ్యి, స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్ పీకినా పవర్ సప్లై కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యకు. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ కాళ్లకు ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టి, వాటిని కెపాసిటర్ రెండు కాళ్లకు ఆనించు. 10,000 మైక్రోఫారడ్‌ది ఖాళీ కావడానికి నిమిషం దాకా పడుతుంది. మల్టీమీటరులో వోల్టులు సున్నా దగ్గరికి వచ్చాయని చూసుకున్నాకే చెయ్యి పెట్టు.

అప్పుడు నీకు దొరికే గురువు ఆ సెట్టులోనే ఉంది. కుడివైపు పనిచేస్తోంది కదా! స్టీరియోలో రెండు వైపులూ దాదాపు ఒకేలా కట్టి ఉంటాయి. డయాగ్రామ్ లేదని దిగులుపడకు. మీటరును డయోడ్ టెస్టులో పెట్టి, కుడివైపు ట్రాన్సిస్టర్ల కాళ్ల మధ్య ఎంత చూపిస్తోందో కాగితం మీద రాసుకుని, ఎడమవైపు అవే చోట్ల కొలువు. మంచి ట్రాన్సిస్టర్‌లోని సిలికాన్ జంక్షన్ 0.6 వోల్టు చుట్టూ చూపాలి. కుడివైపు 0.6 ఉన్నచోట ఎడమవైపు సున్నా వస్తే దాన్ని విప్పి విడిగా పరీక్షించు. నేను ఏ రిపేరు మొదలుపెట్టినా ఇప్పటికీ ముందు చేసే పని ఇదే.

నా తొలి రోజుల్లో ఒక సెట్టులో కాలిన ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చి, వాటి వెనకుండి వాటిని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లను చూడకుండా నేరుగా ప్లగ్ పెట్టాను. రెప్పపాటులో కొత్తవీ పోయాయి. కాలినదాన్ని మార్చడం కంటే దాన్ని కాల్చిందెవరో కనుక్కోవడం ముఖ్యమని ఆ రోజు బోధపడింది. అందుకే రిపేరయ్యాక నేరుగా కరెంటు ఇవ్వకు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సెట్టుకొచ్చే కరెంటు వైరుకు సిరీస్‌లో పెట్టి, స్పీకర్లు తీసేసి ఆన్ చెయ్యి. (ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు.) బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. అలాగే భగభగా వెలుగుతూ ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉంది, వెంటనే ఆపు. ఇంటి కరెంటు ఉన్న బోర్డు మీద తొలిసారి కొలిచేటప్పుడు పక్కన తెలిసినవాళ్లు ఉండాలి. ఈ ఒక్క విషయంలో నా మాట తప్పకు.

స్పీకరు పెట్టేముందు ఔట్‌పుట్ దగ్గర డీసీ వోల్టేజి కొలువు. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. వోల్టుల్లో ఉంటే స్పీకరు కాయిల్ కాలిపోతుంది. ఫ్యూజు పోతే ఎంత రేటింగుదో అంతదే వెయ్యి.

కుడీ ఎడమా కొలిచిన అంకెలు రెండు వరుసల్లో రాసి నాకు పంపు. ఏ భాగం కొనడానికైనా ముందు ఆ కాగితం నేను చూడాలి.

పెదనాన్న