స్టోరేజీ ఖాళీగానే ఉంది, ఏడో షేర్ ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మా ప్రైవేట్ క్లౌడ్ ఓపెన్‌స్టాక్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. ఫైల్ షేర్లకు అందులోని మనీలా అనే సర్వీసు వాడుతున్నాం. వెనక రెండు కంట్రోలర్ల స్టోరేజీ ఉంది. షేర్ల కోసమే ఒక స్లాష్ 28 సబ్‌నెట్ (ఐపీ అడ్రస్‌ల చిన్న గుంపు) విడిగా ఇచ్చాం. అప్లికేషన్‌కొక షేర్ నెట్‌వర్క్ (షేర్ ఏ సబ్‌నెట్‌లో ఉండాలో మనీలాకి చెప్పే అమరిక) చొప్పున ఆరు ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్లు, అంటే నెట్‌వర్క్ మీద వాడే ఫోల్డర్లు, చేశాం. ఏడోది మాత్రం ఎర్రర్‌లోకి వెళ్లిపోతోంది. డిస్కు సగం ఖాళీయే. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చూడాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: డిస్కుని వదిలేయండమ్మా. మీకు అయిపోయినవి ఐపీ అడ్రస్‌లు అనిపిస్తోంది. కాగితం మీద లెక్క వేద్దాం. స్లాష్ 28లో మొత్తం 16. నెట్‌వర్క్‌కి, బ్రాడ్‌కాస్ట్‌కి, గేట్‌వేకి ఒక్కొక్కటి పోతే 13. మెషీన్లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ పోర్టు ఇంకొకటి తీసుకుంటే 12. షేర్ సర్వర్లను (షేర్లను అందించే వర్చువల్ సర్వర్లను) స్టోరేజీతో మాట్లాడే మనీలా డ్రైవరే తయారుచేసే పద్ధతిలో, కొత్త షేర్ నెట్‌వర్క్‌లో మొదటి షేర్ అడగగానే దానికో షేర్ సర్వర్ పుడుతుంది. మీలాంటి స్టోరేజీలో అది మామూలుగా కంట్రోలర్‌కి ఒకటి చొప్పున రెండు అడ్రస్‌లు తీసుకుంటుంది. ఆరు రెళ్లు పన్నెండు. ఏడోదానికి చోటేదీ?

ఊహతో ఆగకండి. మనీలా షేర్ సర్వీసు లాగ్ తెరిచి, షేర్ విఫలమైన నిమిషం దగ్గర చూడండి. ఆ నెట్‌వర్క్‌లో ఇక అడ్రస్‌లు లేవని న్యూట్రాన్ (ఓపెన్‌స్టాక్‌లో నెట్‌వర్క్ చూసుకునే భాగం) చెప్పిన మాట అక్కడ కనిపించాలి. మొదటిసారి నాకిదే ఎదురైనప్పుడు రెండు రోజులు స్టోరేజీ పూల్ సెట్టింగులే తిరగేశాను. ఆ లాగ్ ముందే చూసి ఉంటే పది నిమిషాల పని. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఈరోజు గట్టెక్కడానికి ఏడో షేర్‌ని ఇప్పటికే ఉన్న ఏదో ఒక షేర్ నెట్‌వర్క్‌లోనే అడగండి. ఉన్న షేర్ సర్వరే దాన్నీ మోస్తుంది, కొత్త అడ్రస్ అక్కర్లేదు. నిజానికి అప్లికేషన్‌కొక షేర్ నెట్‌వర్క్ అవసరం లేదు. ఒకరి ట్రాఫిక్ ఇంకొకరికి తగలకూడని వేర్వేరు టీంలు ఉన్నప్పుడే అది న్యాయం. ఒకే టీంలో ఏ మెషీన్ ఏ షేర్‌ని చూడాలన్నది యాక్సెస్ రూల్స్‌తో సరిపోతుంది.

తర్వాత తీరిగ్గా మిగతా షేర్లలోని డేటాని ఆ ఒక్క షేర్ నెట్‌వర్క్‌లోకి కాపీ చేసి, సరిచూసుకుని, పాతవి తీసేయండి. చివరి షేర్ పోయాక ఖాళీ షేర్ సర్వర్‌ని మనీలాయే తొలగిస్తుంది. డిఫాల్ట్ గడువు 10 నిమిషాలు. అడ్రస్‌లు వెనక్కి రాకపోతే ఆ ఆటోమేటిక్ క్లీనప్‌ని ఎవరైనా ఆపేశారేమో కనుక్కోండి.

టీంలు నిజంగానే పెరగబోతుంటే ఇప్పుడే స్లాష్ 26 అడగండి, 64 వస్తాయి. వాడుకలో ఉన్న షేర్ నెట్‌వర్క్‌కి కింద ఉన్న సబ్‌నెట్‌ని మార్చనివ్వదు కాబట్టి కొత్త సబ్‌నెట్‌కి కొత్త షేర్ నెట్‌వర్క్ చేయడం తేలిక. ప్రాజెక్టుకి షేర్ నెట్‌వర్క్‌ల కోటా డిఫాల్ట్‌గా 10 మాత్రమే, అది కూడా ఒకసారి చూసుకోండి.