సమష్టియా, సమిష్టియా?

సందేహం: పిల్లల చేత లెక్కలు జట్లుగా చేయించడం గురించి వ్యాసం రాస్తూ ‘సమిష్టి మేధ’ అన్నాను. మా బడిలో తెలుగు మాస్టారు ‘సమష్టి’ అని దిద్దారు. ఏది సరి? ‘పదుగురాడు మాట పాడియై ధర జెల్లు’ అన్న వేమన పద్యపాదంతో వ్యాసం మొదలుపెట్టవచ్చా?
– ఒక లెక్కల ఉపాధ్యాయురాలు

సమాధానం: మాస్టారు దిద్దినదే సరి. వ్యాపించడమనే అర్థమున్న ‘అశ్’ ధాతువు నుంచి ‘అష్టి’ వచ్చింది. సమ్ + అష్టి = సమష్టి. అనుమానం తీరకపోతే దీని జంట మాటను చూడండి: వి + అష్టి = వ్యష్టి, యణాదేశం. అక్కడ ఉన్నది ‘ఇష్టి’ అయితే సవర్ణదీర్ఘం వచ్చి ‘వీష్టి’ కావాలి. అలా ఎవరూ అనరు కదా! పైగా ‘ఇష్టి’ అంటే యాగం.

వాడుకలో స్థిరపడ్డ మాటను తప్పుపట్టడం నాకు ఇష్టముండదు. ఈ మాట దగ్గర మాత్రం పట్టుబడతాను. ‘సమిష్టి’ అన్నామంటే ‘వ్యష్టి’తో చుట్టరికం తెగిపోతుంది. వేదాంతులు చెట్లను విడివిడిగా చూస్తే వ్యష్టి, వనంగా చూస్తే సమష్టి అన్నారు. వనమైనంత మాత్రాన ఏ చెట్టూ మాయం కాదు. గుంపు, మూక అన్న మాటల్లో ఈ అర్థం రాదు.

మీ విషయానికి ఇదే కీలకం. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశుప్రదర్శనలో ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో ఊహించి చీటీలపై రాయమన్నారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ చీటీల్లో పనికొచ్చే 787 తీసుకుని పరిశీలించాడు. వాటి మధ్యగతం (వరసగా పేర్చితే సరిగ్గా నడుమ నిలిచే అంకె) 1207 పౌండ్లు, అసలు తూకం 1198. రాసినవాళ్లు కూడబలుక్కోలేదు, ఎవరి అంచనా వాళ్లదే. వ్యష్టి చెడకుండా ఏర్పడ్డ సమష్టి అంటే ఇదే. అందరూ మొదట మాట్లాడినవాడి వైపే మొగ్గి ఉంటే అది ‘నలుగురితో నారాయణ’ అయ్యేది.

వేమన పాదం మాత్రం వద్దండి. పదిమంది అన్నమాట లోకంలో న్యాయంగా చెలామణి అవుతుందనీ, ఒక్కడి మాట ఎక్కదనీ అక్కడి భావం. చెల్లడం వేరు, సరికావడం వేరు. ‘సమిష్టి’ కూడా అలా చెల్లుతున్నదే! జట్టులో ఒక్క పిల్ల సరైన జవాబు చెప్పి, మిగతా నలుగురూ కాదంటే? మీ వ్యాసం ఆ పిల్ల వైపు కూడా నిలబడాలి.

శీర్షికకు ‘సమష్టి మేధ’ బాగుంటుంది. పిల్లలకు చెప్పేటప్పుడు ‘ఉమ్మడి తెలివి’ అనండి, వెంటనే అర్థమవుతుంది.