పాత టికెట్టు మీద వారెంటు ఉందేమోనని అనుమానమా? టెక్సస్‌లో వెతికే దారి, తీయించుకునే దారి

డాలస్ చుట్టుపక్కలకి కొత్తగా వచ్చినవాళ్లకి స్పీడు టికెట్టు పడటం వింతేమీ కాదు. ఆ కాగితాన్ని కారు డాష్‌బోర్డు అరలో పడేసి, ఆర్నెల్లకి అపార్ట్‌మెంటు మారి, దాని సంగతే మర్చిపోతారు చూడండి, గొడవంతా అక్కడ మొదలవుతుంది. టికెట్టు మీద పోలీసు మీచేత పెట్టించుకున్న సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు. కాగితం మీదున్న తేదీలోపు కోర్టుకి జవాబు చెబుతానని మీరిచ్చిన మాట అది. ఆ మాట తప్పితే పాత కేసు మీద వారెంటు రావడమే కాకుండా, హాజరు కాలేదని ఇంకో కేసు కూడా పెట్టొచ్చు. అంటే ఒక టికెట్టు రెండవుతుంది.

తేదీ దాటిన మర్నాడే వారెంటు రాదు. హాజరు కాలేదని వారెంటు ఇచ్చే ముందు జడ్జి ఫోనులోనో ఉత్తరంలోనో మళ్లీ కబురు పెట్టాలి, ఇంకో తేదీ ఇవ్వాలి. ఆ ఉత్తరం మాత్రం మామూలుగా మీ లైసెన్సు మీదున్న అడ్రసుకే పోతుంది. మనవాళ్లు ఇల్లు మారగానే పది రోజుల్లో ఏఆర్-11 అనే అడ్రసు మార్పు ఫారం తప్పకుండా నింపుతారు, ఇమిగ్రేషన్ అంటే భయం కనుక. లైసెన్సు అడ్రసు ముప్పై రోజుల్లో మార్చాలన్న సంగతి గుర్తుండదు. ఏఆర్-11 వెళ్లేది ఇమిగ్రేషన్‌కి, ఊరి కోర్టుకి దాని ఊసే తెలియదు.

వెతికేముందు పేర్లు తెలుసుకోండి. ‘బెంచ్ వారెంట్’ అని కొడితే టెక్సస్ కోర్టు సైట్లలో చాలాసార్లు ఏమీ దొరకదు. ఇక్కడి కోర్టు భాషలో ఆ మాట ఎక్కువగా జైల్లో ఉన్న మనిషిని కోర్టుకి రప్పించే ఉత్తర్వుకి వాడతారు. హాజరు కానందుకు ఇచ్చేది ‘ఎలియస్ వారెంట్’. తీర్పయ్యాక జరిమానా కట్టనందుకు ఇచ్చేది ‘కేపియస్ ప్రో ఫైన్’. ఈ రెంటికీ తేడా బాగా గుర్తుపెట్టుకోండి, తీయించుకునే పద్ధతి వేరు. మొదటిదాంట్లో కేసు ఇంకా బతికే ఉంది, బాండు కట్టి కొత్త తేదీ తెచ్చుకుని వాదించుకోవచ్చు. రెండోదాంట్లో వాదన అయిపోయింది, మిగిలింది బాకీ. దానికి బాండు పనిచేయదు. మొత్తం కట్టాలి, లేదంటే జడ్జి ముందుకెళ్లి కట్టలేని పరిస్థితి చెప్పుకుని వాయిదాలో కమ్యూనిటీ సర్వీసో అడగాలి.

ఇక ఏ కోర్టు? అందరూ బోల్తాపడేది ఇక్కడే. ‘ఫ్రిస్కోలో పడింది’ అంటే సరిపోదు, ఎవరు రాశారన్నది చూడాలి. సిటీ పోలీసు రాస్తే ఆ ఊరి మునిసిపల్ కోర్టు. డీపీఎస్ (రాష్ట్ర పోలీసు శాఖ, లైసెన్సులిచ్చేదీ ఇదే) ట్రూపరో, కౌంటీ షెరిఫ్ డిప్యూటీయో, కానిస్టేబులో రాస్తే జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు, మనవాళ్లు జేపీ కోర్టంటారు. దానికి ప్రీసింక్ట్ (కౌంటీలో ఒక భాగం) నంబరు ఉంటుంది. (ఇక్కడ కానిస్టేబుల్ అంటే మన ఊళ్లో కానిస్టేబుల్ కాదు, ఎన్నికై వచ్చే అధికారి.) ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. క్యారల్టన్ అయితే మూడు కౌంటీల్లో పరుచుకుని ఉంది. కాబట్టి హైవే మీద పడిన టికెట్టుని ఊరి సైట్లో వెతికి ‘ఏమీ లేదు’ అని ఊపిరి పీల్చుకోకండి. టికెట్టు కాగితం ఉంటే కోర్టు పేరు దాని మీదే ఉంటుంది. పోగొట్టుకుంటే ఆ ఊరి మునిసిపల్ కోర్టు, ఆ కౌంటీ జేపీ కోర్టులు, షెరిఫ్ వారెంటు జాబితా, మూడూ చూడాలి.

దేశమంతటి వారెంట్లూ ఒకచోట చూపే సైటు జనానికి లేదు. ఎన్‌సీఐసీ అనే పట్టిక ఉంది కానీ అది పోలీసుల చేతిలోదే. ఇరవై ముప్పై డాలర్లు తీసుకుని ‘మీ రికార్డంతా చూపిస్తాం’ అనే సైట్లకి డబ్బు తగలెయ్యకండి, ఊరి కోర్టు చిన్న వారెంట్లు వాటిలో కనపడకపోవడమే మామూలు. ఎఫ్‌బీఐకి 18 డాలర్లు కట్టి తెప్పించుకునే రిపోర్టు కూడా ఈ పనికి రాదు. అది వేలిముద్రలు పడిన అరెస్టుల చిట్టా, అరెస్టే కాని టికెట్టు అందులో ఎందుకుంటుంది?

పేరు వెతకడంలో మన తిప్పలు మనవి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదని అర్థం) పడినవాళ్లు ఆ మూడక్షరాల్నే మొదటి పేరుగా కొట్టి చూడాలి. పేరూ ఇంటిపేరూ తారుమారు చేసి ఒకసారి, ‘వెంకట’, ‘సాయి’, ‘లక్ష్మి’ లాంటి ముందుమాట తీసేసి ఒకసారి, రెండు మాటల పేరుని కలిపి ఒకసారి, విడగొట్టి ఒకసారి. పోలీసు రాత్రిపూట కారు పక్కన నిలబడి ఎక్కించిన స్పెల్లింగు అది, మీ టెన్త్ సర్టిఫికెట్టుతో సరిపోవాలని లేదు. లైసెన్సు నంబరుతోనో టికెట్టు నంబరుతోనో వెతికే వీలుంటే పేరు జోలికే పోవద్దు. సైటు లేని చిన్న ఊరికి ఫోను చేసి పేరు, పుట్టిన తేదీ చెబితే క్లర్కు చూసి చెబుతుంది. ఫోను చేసినంత మాత్రాన పోలీసులు ఇంటికి రారు.

లైసెన్సు రెన్యువల్ ఆగిపోయిందా? అదే పెద్ద ఆచూకీ. హాజరు కానివాళ్ల వివరాలు చాలా కోర్టులు ఆమ్నిబేస్ అనే పద్ధతి ద్వారా డీపీఎస్‌కి పంపుతాయి, కేసు తేలేదాకా రెన్యువల్ ఇవ్వరు. హెచ్-1బీ వాళ్ల లైసెన్సు వీసా గడువుతో ముడిపడి ఉంటుంది కనుక ఏడాదికో మూడేళ్లకో రెన్యువలుకి వెళ్లాల్సిందే, అప్పుడు బయటపడుతుంది. అప్పటిదాకా ఆగక టెక్సస్ ప్రభుత్వ సైట్లో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగంకెలు కొట్టి మధ్యమధ్యలో చూసుకోండి. వేరే రాష్ట్రానికి మారిపోతే తప్పించుకోవచ్చనీ అనుకోకండి, చాలా రాష్ట్రాలు ఒకదానికొకటి చెప్పుకుంటాయి.

వారెంటు కనపడిందనుకోండి. మొదట చూడాల్సింది అది ఏ తరగతి నేరమన్నది. క్లాస్ సీ అంటే జరిమానా తప్ప జైలుశిక్ష లేనిది, గరిష్ఠం 500 డాలర్లు. స్పీడు, స్టాప్ సైను, ఇన్సూరెన్సు లేకపోవడం ఇవన్నీ దాదాపుగా ఇందులోవే. వీటికి మీరే నడిచి వెళ్లొచ్చు. పట్టుబడక ముందే తమంతట తాము వచ్చి విషయం తేల్చుకోవడానికి నిజంగా ప్రయత్నిస్తే వారెంటు వెనక్కి తీసుకోవాలని టెక్సస్ చట్టం 2017 నుంచీ చెబుతోంది. మన దగ్గర ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారెంటు) పడితే లాయరు రీకాల్ పిటిషన్ వేస్తాడే, ఇక్కడ ఈ చిన్న కేసులకి ఆ హంగామా కూడా అక్కర్లేదు.

క్లాస్ బీ, ఏ లేదా అంతకు మించినదైతే మాత్రం ఒక్కరే కౌంటరు దగ్గరికి పోవద్దు. మొదటిసారి తాగి నడిపిన కేసు, 100 డాలర్లు దాటిన దొంగతనం ఇందులోకే వస్తాయి. మీరు వెళ్లి పేరు చెబితే అక్కడే జైల్లోకి తీసుకుంటారు. లాయరు ముందే మాట్లాడి ‘వాక్-త్రూ’ బాండు (లొంగిపోయిన వెంటనే విడుదలయ్యేలా ముందే సిద్ధం చేసుకునే పూచీకత్తు) ఏర్పాటు చేస్తే కొన్ని గంటల్లో బయటపడొచ్చు. మునిసిపల్ కోర్టుకి చిన్న టికెట్టు కోసం వెళ్లేవాళ్లు కూడా కౌంటీలో ఇంకేమీ లేదని చూసుకునే వెళ్లాలి, కారణం ఇదే.

వెళ్లేరోజు పొద్దున్నే, వాక్-ఇన్ జడ్జి (ముందు తేదీ తీసుకోకుండా కలవగల జడ్జి) ఏ రోజుల్లో కూర్చుంటారో సైట్లో చూసుకుని బయల్దేరండి. శుక్రవారం సాయంత్రం వద్దు, పని తేలకపోతే వారాంతమంతా వారెంటు నెత్తిమీదే ఉంటుంది. లైసెన్సు, పాస్‌పోర్టు, టికెట్టు పట్టుకెళ్లండి. ఇన్సూరెన్సు లేదని రాసిన టికెట్టయితే, ఆ రోజుకి పాలసీ ఉందని చూపే కాగితం కంపెనీనుంచి తెచ్చుకోండి, నిజంగా ఉండి ఉంటే ఆ కేసు కొట్టేస్తారు. కౌంటరులో క్లర్కు ‘హౌ డు యూ ప్లీడ్’ అనో ‘డు యూ వాంట్ టు పే టుడే’ అనో అడుగుతుంది. కంగారులో కార్డు తీసి ఇచ్చేయకండి. కట్టేశారంటే నేరం ఒప్పుకున్నట్టే, కన్విక్షన్ (నేరం రుజువైనట్టు నమోదు) పడుతుంది, ఇన్సూరెన్సు పెరుగుతుంది. ‘ఐ కేమ్ వాలంటరిలీ టు రిజాల్వ్ దిస్, ఐ వుడ్ లైక్ టు సీ ద జడ్జ్’ అనండి. వారెంటు రీకాల్ చేయమనండి, డిఫర్డ్ డిస్పొజిషన్ ఇస్తారేమో అడగండి. ఇస్తే కొన్ని నెలలపాటు ఇంకో టికెట్టు లేకుండా గడిపితే కేసు కొట్టేస్తారు.

డబ్బు ఎలా పెరుగుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. 200 డాలర్ల టికెట్టు. వారెంటు ఇచ్చినందుకు 50. అరవై రోజులు దాటి బాకీ వసూలు సంస్థకిస్తే ఆ 250 మీద 30 శాతం, అంటే 75. ఆమ్నిబేస్‌కి 10. మొత్తం 335. హాజరు కాలేదని రెండో కేసు పెట్టి ఉంటే దాని జరిమానా, దాని వారెంటు 50, దాని ఆమ్నిబేస్ 10 మళ్లీ విడిగా.

ఇక అన్నిటికంటే జాగ్రత్త పడాల్సినది దొంగతనం టికెట్టు. టెక్సస్‌లో 100 డాలర్లలోపు సరుకైతే అదీ క్లాస్ సీనే, చూడటానికి స్పీడు టికెట్టులాగే ఉంటుంది. సెల్ఫ్ చెకౌట్‌లో రెండు వస్తువులు స్కాన్ చేయకుండా బ్యాగులో వేసుకున్న కుర్రాడికి అదే కాగితం ఇస్తారు. ఆన్‌లైన్‌లో 300 కట్టేసి హమ్మయ్య అనుకుంటాడు. ఇమిగ్రేషన్ దాన్ని నైతిక పతనంతో కూడిన నేరం కింద చూస్తుంది. డిఫర్డ్ తీసుకుని కోర్టు కేసు కొట్టేసినా, నేరం ఒప్పుకుని లేదా నో కాంటెస్ట్ (ఒప్పుకోను, వాదించను) అని జరిమానా కడితే ఇమిగ్రేషన్ లెక్కలో అది కన్విక్షన్‌గానే నిలిచే ప్రమాదం ఉంది. క్రిమినల్ లాయరొక్కడు చాలడు, ఇమిగ్రేషన్ తెలిసిన లాయరు చూశాకే ఏదైనా ఒప్పుకోండి. స్పీడు టికెట్టుకి ఆలస్యం విషం, దీనికి తొందర విషం.

చిన్న వారెంటుకి ఇంత రాద్ధాంతమెందుకంటే, రోడ్డు మీద పట్టుబడి జైల్లో వేలిముద్రలు పడ్డాయంటే అవి ఎఫ్‌బీఐ ద్వారా హోంల్యాండ్ సెక్యూరిటీకి చేరతాయి. ఆ తర్వాత వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అన్న ప్రశ్నకి జన్మంతా ‘అవును’ అనే రాయాలి. 2025 వసంతంలో విద్యార్థుల పేర్లని ఎన్‌సీఐసీలో సరిపోల్చి వేలమంది సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల హోదా నమోదు) మూసేశారు, వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఏప్రిల్ చివర్లో తిరిగి తెరవడం మొదలుపెట్టారు. ఒకవేళ దారిలో పోలీసు ఆపి వారెంటు ఉందన్నాడనుకోండి, పేరు మార్చి చెప్పకండి. అది ఇంకో నేరం.

పని అయ్యాక వారెంటు రీకాల్ అయినట్టు కాగితం అడిగి తీసుకుని కొన్ని వారాలు కారులోనే ఉంచండి, పోలీసు కంప్యూటర్లలో మారడానికి ఆలస్యం అవుతుంది. కేసు తేలినట్టు సర్టిఫైడ్ డిస్పొజిషన్ రెండు మూడు కాపీలు అప్పుడే తీయించండి. గ్రీన్ కార్డుకో సిటిజన్‌షిప్‌కో పదేళ్ల తర్వాత అడిగేసరికి కోర్టు ఆ ఫైలు తీసేసి ఉండొచ్చు.

‘మీ మీద వారెంటు ఉంది, జ్యూరీ డ్యూటీకి రాలేదు, గంటలో గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి’ అని ఫోను వస్తే పెట్టేయండి. కోర్టు గిఫ్ట్ కార్డులు తీసుకోదు, సిటిజన్ కానివాళ్లు జ్యూరీలో కూర్చోలేరు. కానీ పోస్టులో నిజమైన జ్యూరీ సమన్సు మాత్రం రావొచ్చు, లైసెన్సుల జాబితాలోంచి కూడా పేర్లు తీస్తారు కనుక. దాన్ని చింపేయకండి. సిటిజన్ కాదన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, గడువులోపు తిప్పి పంపండి, నకలు ఒకటి దాచుకోండి.