డాక్టర్ సలహా: ఏజెన్సీ నుంచి వచ్చాక జ్వరమా? ముందు రక్తపరీక్ష, ఆ తర్వాతే మందు

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 27. విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నాను. రెండు వారాల కిందట శని, ఆదివారాల్లో నలుగురు స్నేహితులతో కలిసి కారులో శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు, అక్కడి నుంచి పాడేరు, వంజంగి వెళ్లాను. ఘాట్‌లో నాకు ఐదారుసార్లు వాంతులయ్యాయి. రాత్రి టైరు పంక్చరై రెండు గంటలు రోడ్డు పక్కన గడ్డిలో కూర్చున్నాం. మిగిలిన రాత్రి టెంటులో గడిపి, మబ్బులు చూడటానికి తెల్లవారుజామున కొండెక్కాం. దారిలో ఒక కోతి మా స్నేహితుడి ముంజేతిని గీరితే డెట్టాల్ రాశాం. తిరిగొచ్చిన తొమ్మిదో రోజు నుంచి నాకు జ్వరం. నేటికి ఐదు రోజులు. రాత్రికి చలితో వచ్చి, తెల్లారేసరికి చెమట పట్టి తగ్గుతోంది. ప్రయాణ బడలికేనని అమ్మ అంటోంది. మందుల షాపులో చెప్పి తెచ్చుకున్న పారాసిటమాల్, సెఫిక్సిమ్, ఒళ్లునొప్పులకు ఎసిక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. మొలతాడు ఒరుసుకున్నచోట చిన్న పుండై నల్లగా పొక్కు కట్టింది కానీ నొప్పి లేదు. వచ్చే నెల కోరాపుట్ వైపు దేవ్‌మాలి వెళ్లాలనుకుంటున్నాం. ఘాట్‌రోడ్డులో వాంతులు రాకుండా ఏ మాత్ర వేసుకోవాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీరు వాంతుల మాత్ర గురించి అడిగారు. దానికి చివర్లో జవాబు చెబుతాను. అంతకంటే ముందు, ఈ జవాబు చదివిన వెంటనే మీరు ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆదివారం సెలవు దాకా ఆగవద్దు. ఏజెన్సీలో ఒక రాత్రి ఆరుబయట గడిపిన మనిషికి తొమ్మిదో రోజున చలిజ్వరం మొదలై ఐదు రోజులుగా తగ్గకపోతే దానిని బడలిక అనుకోవడానికి వీల్లేదు. బడలిక రెండు రోజుల నిద్రతో తీరిపోతుంది.

మొదటి అనుమానం మలేరియా. అరకు, పాడేరు ప్రాంతంలోనూ, మీరు వెళ్లదలచిన కోరాపుట్ వైపూ ఫాల్సిపారం రకం మలేరియా చాలాకాలంగా ఉన్నదే. దోమ కుట్టిన వారం, రెండు వారాల తర్వాత జ్వరం రావడం దాని సహజ లక్షణం కనుక మీరు చెప్పిన తేదీలు దానికి సరిపోతున్నాయి. చెమట పట్టి జ్వరం దిగగానే నయమైపోయిందన్న ధైర్యం వస్తుంది. ఆలస్యానికి అసలు కారణం ఆ ధైర్యమే. ఫాల్సిపారం ముదిరితే మెదడు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, అదీ ఒకటి రెండు రోజుల్లోనే జరగవచ్చు. వేలి చివర ఒక రక్తపు చుక్క తీసి కిట్‌తో పరీక్షిస్తే పదిహేను, ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. ఒకసారి నెగెటివ్ వచ్చినంత మాత్రాన మలేరియా లేదని తేల్చలేము కాబట్టి, జ్వరం కొనసాగితే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చేయించాలి.

రెండో అనుమానానికి కారణం మీరు మాట వరసకు రాసిన ఆ నల్లటి పొక్కు. చూడకుండా నిర్ధారించలేను గానీ, నొప్పీ దురదా లేకుండా, చుట్ట నిప్పు తగిలి కాలినట్టు మధ్యలో నల్లగా, చుట్టూ ఎర్రటి అంచుతో ఉంటే అది స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి గుర్తు కావచ్చు. ఈ జ్వరాన్ని అంటించే, నల్లిని పోలిన అతిచిన్న కీటకాల పిల్లలు గడ్డిలోనూ పొదల్లోనూ ఉంటాయి. అవి కుట్టినచోట ఇలాంటి మచ్చ ఏర్పడుతుంది. కుట్టినట్టు కూడా తెలియదు. బట్ట బిగుతుగా ఉండేచోటు, చర్మం మడత పడేచోటు, అంటే నడుము, గజ్జలు, చంకలు వాటికి అనువైనవి. మొలతాడు కింద మచ్చ ఉన్నప్పుడు రోగి దానిని ఒరుపు అనుకుంటాడు, సిగ్గుపడి డాక్టరుకు చూపించడు. దయచేసి మీరు చూపించండి. ఈ జ్వరం ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, తొలి రోజుల్లోనే గుర్తిస్తే మామూలు మందులకే లొంగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇక మీరు వాడుతున్న మందుల గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. సెఫిక్సిమ్ మలేరియాపై పనిచేయదు, స్క్రబ్ టైఫస్‌పైనా పనిచేయదు. మందు వేసుకుంటున్నామన్న భరోసా ఇచ్చి, ఆసుపత్రికి వెళ్లకుండా మిమ్మల్ని ఐదు రోజులు ఇంట్లోనే ఉంచింది, అంతే. ఎసిక్లోఫెనాక్ ఇంకా ప్రమాదకరం. మీది డెంగీ కాదని ఇంకా తేలలేదు. డెంగీలో ఇలాంటి నొప్పి మాత్రలు రక్తస్రావానికి దారి తీయవచ్చు. తిండీ నీళ్లూ సరిగా లేని జ్వరంలో మూత్రపిండాలపై భారం వేస్తాయి. దానిని ఇప్పుడే ఆపండి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటి, డాక్టరు చెప్పిన మోతాదులో సరిపోతుంది.

శ్రీకాకుళంలో నా దగ్గరకు కొన్నేళ్ల కిందట మీ వయసు కుర్రాడొకడు ఏడో రోజు జ్వరంతో వచ్చాడు. ఏం మందులు వాడావని అడిగితే చొక్కా జేబులోంచి కాగితపు పొట్లం తీసి బల్లమీద విప్పాడు. కత్తిరించిన అట్టముక్కలు తొమ్మిదో పదో ఉన్నాయి, ఒక్కదాని మీదా పూర్తి పేరు లేదు. పసుపు మాత్ర పొద్దున్న, తెల్లది రాత్రి అని మాత్రమే అతనికి తెలుసు. అప్పటికే కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం తగ్గింది. బతికి బయటపడ్డాడు, కానీ మూడు వారాలు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. మీరు వెళ్లేటప్పుడు వాడిన మందుల అట్టలన్నీ పట్టుకెళ్లండి. అంతకంటే ముఖ్యంగా, డాక్టరు అడిగినా అడగకపోయినా ‘ఫలానా తేదీన అరకు, వంజంగి వెళ్లాను, గడ్డిలో కూర్చున్నాను’ అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్షలు రాయాలో తేలుతుంది. మలేరియాతో పాటు డెంగీ, స్క్రబ్ టైఫస్ పరీక్షలు, రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు అవసరం కావచ్చు. వాగులో స్నానం చేసి ఉంటే అదీ చెప్పండి. మచ్చ చూశాక స్క్రబ్ టైఫస్ అన్న అనుమానం బలంగా ఉంటే, ఫలితం కోసం ఎదురుచూడకుండానే డాక్టరు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టవచ్చు. ఈ పేరు చదివి మందుల షాపుకు వెళ్లవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

మగతగా ఉన్నా, మాట తడబడినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, కళ్లు పచ్చబడినా, ఎక్కడి నుంచైనా రక్తం కనిపించినా, వాంతులు ఆగకపోయినా ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడకుండా 108కి ఫోన్ చేసి అత్యవసర విభాగానికి వెళ్లాలి. మీ ఉత్తరం ఆధారంగా నేను చెప్పగలిగింది ఇంతే, చికిత్స మాత్రం మిమ్మల్ని స్వయంగా పరీక్షించిన డాక్టరే నిర్ణయించాలి. మలేరియా అని తేలితే ఇచ్చిన మాత్రలన్నీ పూర్తిగా వాడండి. వైవాక్స్ రకమైతే కాలేయంలో దాగి ఉండి నెలల తర్వాత తిరగబెడుతుంది, దానికి పద్నాలుగు రోజుల మందు ఉంటుంది. జ్వరం తగ్గిందని నాలుగో రోజుకే మానేసేవాళ్లను ప్రతి సీజన్లోనూ చూస్తున్నాను.

మీ స్నేహితుడి విషయం కూడా వాయిదా వేయదగ్గది కాదు. కోతి వల్ల కూడా రేబిస్ రావచ్చు. గీరినచోట డెట్టాల్ రాస్తే చాలదు, వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. రెండు వారాలు గడిచినా టీకా మొదలుపెట్టడం వృథా కాదు, ఈ రోజే ఫోన్ చేసి పంపండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదటి రోజు, ఆపైన మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో టీకా ఇస్తారు. రక్తం వచ్చేలా గీరి ఉంటే గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా ఇవ్వాల్సి రావచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కాపాడటం దాదాపు అసాధ్యం. మిగిలిన ముగ్గురిలో ఎవరికి జ్వరం వచ్చినా వాళ్లూ రక్తపరీక్ష చేయించుకోవాలి.

దేవ్‌మాలి ప్రయాణం మీరు పూర్తిగా కోలుకునేదాకా వద్దు. వెళ్లినప్పుడు నిండు చేతుల చొక్కా, దోమతెర తీసుకెళ్లండి, గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, బసకు రాగానే సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చుకోండి. వాంతులకు ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు మీదే చూపు నిలపడం, ఫోను చూడకపోవడం, ఖాళీ కడుపుతో గానీ నిండు కడుపుతో గానీ బయలుదేరకపోవడం చాలావరకు పనిచేస్తాయి. అప్పటికీ ఆగకపోతే బయలుదేరే ముందు వేసుకోవడానికి మీ డాక్టరు ఒక మాత్ర రాస్తారు. వాటితో మత్తు వస్తుంది కనుక కారు నడిపేవాళ్లు మాత్రం వేసుకోకూడదు.