మందునీళ్లలో పళ్ల అచ్చు ఎంతసేపు?

ప్రశ్న: ఆల్జినేట్‌తో (నీళ్లు కలిపి అచ్చు తీసే పొడి) తీసిన పళ్ల అచ్చును బ్లీచ్ నీళ్లలో అరగంట ముంచి, ల్యాబ్ మనిషి వచ్చే సాయంత్రం దాకా తడిగుడ్డలో చుట్టి ఉంచుతున్నాం. పళ్లసెట్టు సరిగ్గా కూర్చోవడం లేదు. మోడల్ (అచ్చులో పోసి తీసే పళ్ల నమూనా) పైపొర సుద్దలా రాలుతోంది. శుద్ధి మానేయమంటారా?
– ఒక డెంటల్ అసిస్టెంట్, తెనాలి

జవాబు: మానకండి. ఆ అచ్చుకు అంటిన ఉమ్మి, రక్తం నేరుగా ల్యాబ్‌లో పనిచేసేవారి చేతికి చేరతాయి. హెపటైటిస్-బి అలా అంటుకోగలదు. తగ్గించాల్సింది సమయం.

ఆల్జినేట్‌లో ఎక్కువ భాగం నీరే. నీళ్లలో ఉంచితే పీల్చుకుని ఉబ్బుతుంది. బయట ఉంచితే ముడుచుకుంటుంది. తడిగుడ్డలో చుట్టినా లోపలి నీరు చెమటలా ఊరుతూనే ఉంటుంది. మీ అచ్చు ముందు ఉబ్బి, తర్వాత ముడుచుకుంటోంది. దానికిది చెల్లు అనుకోవద్దు, ట్రేకి (అచ్చు ముద్దను నోట్లో పెట్టే పళ్లెం) పట్టుకున్న వైపు ఒకలా, వదులుగా ఉన్న వైపు ఒకలా కదులుతుంది. ట్రే అంచున వెంట్రుకవాసి సందు కనిపించినా మళ్లీ అచ్చు తీయాల్సిందే, నొక్కి అతికించొద్దు.

నోట్లోంచి తీయగానే కుళాయి కింద కడగండి. ఉమ్మి, రక్తం ఉంటే బ్లీచ్ బలం తగ్గిపోతుంది. 5% సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) 100 మి.లీ.కి 900 మి.లీ. నీళ్లు కలిపితే 0.5% అవుతుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి. మూలమూలలా తడిసేలా స్ప్రే చేసి, జిప్ కవర్లో 10 నిమిషాలు ఉంచండి. మళ్లీ కడిగి, నిలిచిన నీళ్లు దులిపి, వెంటనే స్టోన్ (మోడల్ చేసే జిప్సం ముద్ద) పోయండి. ల్యాబ్ కోసం ఆగకండి, మోడల్‌నే పంపండి. గంటలోపు అచ్చు నుంచి విడదీయాలి.

పైపొర రాలడానికి కారణం గుంటల్లో మిగిలిన మందు, నీటి చుక్కలే. రాత్రంతా అచ్చులోనే వదిలేసిన మోడల్‌కీ ఇదే గతి.

ప్రశ్న: సిలికాన్‌తో తీసిన అచ్చుకీ ఇదే పద్ధతా?

జవాబు: అడిషన్ సిలికాన్ (అచ్చులకు వాడే రబ్బరు లాంటి పదార్థం) నీళ్లకు చలించదు. అదే బ్లీచ్‌లోగానీ, 2% గ్లూటరాల్డిహైడ్ అనే క్రిములను చంపే మందులోగానీ నిండా ముంచి, సీసా మీద రాసినంతసేపు ఉంచండి. పాలీఈథర్ అనే మరో అచ్చు పదార్థం మాత్రం నీరు పీల్చుకుంటుంది, 10 నిమిషాలు దాటనివ్వకండి. జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్టుతో తీసిన అచ్చుకు బ్లీచ్ వద్దు, గ్లూటరాల్డిహైడ్ వాడండి.

ల్యాబ్‌కి పంపే చీటీ మీద ‘శుద్ధి అయింది’ అని, వాడిన మందు పేరుతో సహా రాయండి. రాయకపోతే అక్కడ మళ్లీ ముంచుతారు.