మైకు ముందు పెద్దవాళ్లు బిగుసుకుపోతుంటే...

ప్రశ్న: కమ్యూనిటీ రేడియోలో ఊరి వార్తలు, సైన్సు, పర్యావరణం మీద ఇంటర్వ్యూలు చేయమన్నారు. అన్నీ చేయొచ్చా మేడమ్? మైకు చూస్తేనే పెద్దవాళ్లు బిగుసుకుపోతున్నారు.
– ఒక పాఠకురాలు, నారాయణఖేడ్

జవాబు: వార్తలు మాత్రం కుదరవమ్మా. మన దేశంలో కమ్యూనిటీ రేడియోలు, అంటే స్థానికుల కోసం నడిచే చిన్న రేడియో స్టేషన్లు, సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు. వాతావరణం, పరీక్షలు, జాతరలు, కరెంటు, నీళ్ల సమాచారం ఇవ్వొచ్చు. రేడియో ప్రసారాలు సాగే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పాక కూడా ఈ ఆంక్ష ఎందుకో, నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

సైన్సు, పర్యావరణం ఎంతైనా చేయండి. మీకు దగ్గర్లోనే, జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్నూర్‌లో 2008లో 'సంఘం రేడియో' అనే కమ్యూనిటీ రేడియో మొదలైంది. దాన్ని నిలబెట్టింది దళిత మహిళా రైతులు. వాళ్ల విత్తనాల ముచ్చటే మంచి సైన్సు పాఠం.

పెద్దావిడని "జీవవైవిధ్యం గురించి చెప్పండి" అని అడిగితే టెన్షన్ పడుతుంది. "అవ్వా, కందులకు పురుగు పట్టకుండా ఏం చేస్తవ్?" అనండి. బూడిద ఎంత కలపాలో, వేపాకు ఎండుది వేయాలో పచ్చిది వేయాలో, పేడతో అలికిన బుట్ట ఎక్కడ పెట్టాలో వివరంగా చెబుతుంది. మధ్యలో అడ్డు తగలొద్దు. ఆ తర్వాత, బూడిద పురుగును ఎలా ఆపుతుందో వ్యవసాయ శాస్త్రవేత్తను అడిగి, రెండూ పక్కపక్కన వినిపించండి.

ఇంట్లో రికార్డు చేస్తే ఫ్యాన్ ఆపేయండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టుకోండి. రికార్డు చేసింది ప్రసారానికి ముందే ఆవిడకు ఒకసారి వినిపించండి.